మాస్కో డైరీ, నెల్లూరు ఉత్తరాలు

పోయిన సంచికలో ఆత్మకూరు నుంచి ఒకాయన, రాధాకృష్ణన్ గారి ఇంటిపేరు మన నెల్లూరు జిల్లా సర్వేపల్లి నుంచి వచ్చిందేనా అని అడిగారు. అవునండీ, పుట్టింది తిరుత్తణిలో అయినా పూర్వీకుల ఊరు సర్వేపల్లే, ఉపరాష్ట్రపతి కాకముందు మాస్కోలో మన రాయబారిగా కూడా చేశారు అని రెండు ముక్కలు రాసి ఊరుకున్నాను. మీరు ఊరుకోనిస్తేగా! ఆ "మాస్కో" అన్న మాట పట్టుకుని కావలి దగ్గర్నుంచి దర్శి దాకా ఉత్తరాలు రాశారు. కొన్నిటికి ఫోన్‌లోనే చెప్పేశాను, మిగతావి ఇవి.

ప్రశ్న: రాధాకృష్ణన్ గారు అంత రాసిన మనిషి కదా, రష్యా గురించి పుస్తకం రాశారా? స్టాలిన్ బుగ్గ నిమిరారని మా చిన్నప్పుడు చెప్పుకునేవాళ్ళు, అది నిజమా? — రిటైర్డ్ తెలుగు పండిట్, కందుకూరు

మాస్టారూ, రాయలేదు. 1949 నుంచి 1952 దాకా అక్కడున్నా ఆయన మనసంతా ఉపనిషత్తుల మీదే. మాస్కోలో రాయబారిగా ఉంటూనే ఏటా కొన్ని నెలలు ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి పాఠాలు చెప్పి వచ్చేవారు, నెహ్రూ గారు అందుకు ఒప్పుకునే పంపారు. ఇక బుగ్గ సంగతి. 1952 ఏప్రిల్‌లో సెలవు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు స్టాలిన్ చెంప మీద, వీపు మీద ఆప్యాయంగా తట్టారని చెబుతారు. అంతకుముందు 1950 జనవరిలో మొదటిసారి కలిసినప్పుడు అశోకుడి కథ చెప్పారనీ అంటారు, యుద్ధం గెలిచాక కత్తి పక్కన పెట్టిన రాజు ఒకడు మా దేశంలో ఉన్నాడని. ఆ గదిలో కూర్చుని స్టాలిన్‌కి ఆ కథ చెప్పడానికి ఎంత గుండె కావాలో మీరే ఆలోచించండి.

రష్యా గురించి రాసింది ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నాయన. కె.పి.ఎస్. మేనన్. 1952లో వెళ్ళి 1961 దాకా తొమ్మిదేళ్ళు ఉన్నారు. రాయబారులు సాధారణంగా మూడేళ్ళకే పెట్టె సర్దుకుంటారు, తొమ్మిదేళ్ళంటే మాటలు కాదు. అన్నేళ్ళూ డైరీ రాశారు. అందులోంచి ఏరినవి 1963లో పుస్తకంగా వచ్చాయి, దాని పేరు "ద ఫ్లయింగ్ ట్రోయికా". ట్రోయికా అంటే మూడు గుర్రాలు పక్కపక్కన కట్టిన రష్యా బండి. గొగోల్ తన నవలలో రష్యా దేశాన్నే ఆగకుండా ఎగిరిపోయే అలాంటి బండితో పోల్చాడు, ఆ పోలిక ఈయన పుస్తకానికి పేరైంది.

ప్రశ్న: ఐక్యరాజ్యసమితిలో కాశ్మీర్ మీద ఎనిమిది గంటలు మాట్లాడి కళ్ళు తిరిగి పడిపోయింది ఈ మేనన్ గారే కదా సార్? — డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

కాదు తమ్ముడూ. ఈ మేనన్ల గొడవ నీ ఒక్కడిదే కాదు, నీకంటే పెద్దవాళ్ళూ తడబడతారు. 1957లో ఎనిమిది గంటల దాకా మాట్లాడింది వి.కె. కృష్ణమేనన్, తర్వాత రక్షణ మంత్రి అయ్యారు. సంస్థానాల విలీనంలో పటేల్ గారి పక్కన ఉండి పని నడిపింది వి.పి. మేనన్. ఈయన కుమార పద్మనాభ శివశంకర మేనన్. పుట్టింది 1898లో, కేరళలోని కొట్టాయంలో. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో, ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, ఐసీఎస్ పరీక్షలో ఫస్టు వచ్చారు. స్వతంత్ర భారతానికి మొదటి విదేశాంగ కార్యదర్శి, 1948 నుంచి 1952 వరకు. పెళ్ళి చేసుకున్నది సర్ సి. శంకరన్ నాయర్ గారి అమ్మాయిని. జలియన్‌వాలాబాగ్ ఘోరం తర్వాత వైస్రాయ్ కౌన్సిల్‌లో పదవి వదులుకుని బయటికి వచ్చిన శంకరన్ నాయర్ ఉన్నారే, ఆయనే. తర్వాత మేనన్ గారి కొడుకు 1987లో విదేశాంగ కార్యదర్శి అయ్యాడు, కూతురి కొడుకు శివశంకర్ మేనన్ 2006లో అదే కుర్చీ ఎక్కాడు. మన వైపు కొన్ని కుటుంబాల్లో తాత, తండ్రి, మనవడు వరసగా కరణీకం చేసినట్టు వాళ్ళింట్లో విదేశాంగం.

ప్రశ్న: స్టాలిన్‌ని ఆఖరుసారి చూసిన విదేశీయుడు మన రాయబారేనని, ఆ రోజు స్టాలిన్ కాగితం మీద తోడేళ్ళ బొమ్మలు గీశాడని మా నాయన చెప్పేవాడు. మా నాయన పార్టీ మనిషి, కొంచెం కలిపి చెప్పేవాడు. ఇది కూడా కలిపిందేనా? — కావలి

మీ నాయన గారు ఇందులో ఏమీ కలపలేదు, చాలావరకు జరిగిందే చెప్పారు.

1953 ఫిబ్రవరి 17 సాయంత్రం మేనన్ గారికి క్రెమ్లిన్ నుంచి పిలుపు వచ్చింది. స్టాలిన్‌ని కలవడం అప్పట్లో చాలా అరుదు. మన మొదటి రాయబారి విజయలక్ష్మీ పండిట్‌కి ఉన్నన్నాళ్ళూ ఆ అవకాశమే రాలేదు. మేనన్ వెళ్ళేసరికి ముసలాయన మర్యాదగానే మాట్లాడుతున్నాడు, కానీ చేతిలో పెన్సిల్, ముందు కాగితం. మాట్లాడుతూనే గీస్తున్నాడు. గీసేది ఎర్రగా, తోడేళ్ళని. ఒకటి అయ్యాక ఇంకొకటి. ఆపైన తోడేళ్ళ గురించే ఎత్తుకున్నాడు. రష్యా రైతుకి తోడేలుతో ఎలా మెలగాలో తెలుసు, దానికి నీతులు చెప్పడు, చంపుతాడు, ఆ సంగతి తోడేలుకి కూడా తెలుసు, అని. మేనన్ ఇంటికొచ్చి ఇదంతా డైరీలో రాసుకున్నారు. అదే రోజు మన పంజాబ్ స్వాతంత్ర్య సమరయోధుడు సైఫుద్దీన్ కిచ్లూ గారు కూడా స్టాలిన్‌ని కలిశారు కాబట్టి "ఆఖరు విదేశీయుడు" అన్న బిరుదు ఇద్దరికీ పంచాలి. రెండు వారాలు తిరగకుండానే స్టాలిన్ పక్షవాతంతో పడిపోయాడు, మార్చి 5న చనిపోయాడు.

నేనీ డైరీ మొదటిసారి చదివింది కాలేజీ రోజుల్లో, ఎవరో ఎరువిచ్చిన కాపీలో. (తిరిగివ్వలేదు. ఇచ్చినాయన ఇది చదువుతుంటే క్షమించాలి, చెదలు పట్టింది.) అప్పుడు ఈ తోడేళ్ళ పేజీ దగ్గర ఆగిపోయాను. రాయబారి పని ఏంది? ఆయన ఏమన్నాడు, మనం ఏమన్నాం అని ఢిల్లీకి తంతి కొట్టడం. ఆ తంతి ఫైల్లోకి వెళ్ళిపోతుంది, మనబోటివాళ్ళం చూడం. ఎదుటి మనిషి మాట్లాడేటప్పుడు ఆయన చెయ్యి ఏం చేస్తోందో చూసి రాత్రికి డైరీలో పెట్టడం మాత్రం ఉద్యోగంలో భాగం కాదు, ఆయన సొంత కన్ను. అప్పుడే మాస్కోలో డాక్టర్ల కుట్ర అంటూ పెద్ద పెద్ద వైద్యుల్ని జైల్లో వేస్తున్నారు, ఊరంతా భయం భయంగా ఉంది. తోడేలు ఎవరో, రైతు ఎవరో ఆ కాగితం చూసినవాడికి అర్థమయ్యే ఉంటుంది.

ఒక్క మాట. మీ నాయన గారి తరం వాళ్ళ ఇళ్ళలో సోవియట్ భూమి పత్రిక ఉండేది గుర్తుందా? నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. మాకైతే స్కూలు తెరిచే ముందు పుస్తకాలకు అట్టలు వేసేది దాంతోనే. నా లెక్కల పుస్తకం మీద ట్రాక్టర్ నడిపే అమ్మాయి, సైన్సు పుస్తకం మీద యూరీ గగారిన్. పుచ్చలపల్లి సుందరయ్య గారి అలగానిపాడు ఉన్న జిల్లా, మరి ఆ మాత్రం ఉండదా. ఆ అట్టల మీద ఎవరూ భయపడుతున్నట్టు కనపడేవాళ్ళు కాదు. భయం సంగతి నాకు మేనన్ డైరీలోనే దొరికింది.

ప్రశ్న: పాతికేళ్ళు లారీ తోలాను సార్, శ్రీశైలం ఘాటు నుంచి కాశ్మీర్ దాకా చూశాను. ఢిల్లీ నుంచి చైనాకి నేల మీద, అదీ గుర్రాల మీద పోయిన ఆఫీసరు ఉన్నాడని మా మనవడు చెప్తే నవ్వాను. విమానం ఉండగా అదేం పని? — దర్శి

నవ్వకండి అన్నా, ఇదీ ఈయనే. 1944 సంగతి. మేనన్ అప్పటికి బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం తరఫున చైనాలో ఏజెంట్ జనరల్, అంటే రాయబారి లాంటి ఉద్యోగం. జపాను వాళ్ళు తరుముతుంటే చైనా ప్రభుత్వం చుంగ్‌కింగ్‌కి మారి అదే రాజధాని చేసుకుంది. అప్పట్లో ఇండియా నుంచి అక్కడికి పోవాలంటే అస్సాంలో విమానం ఎక్కి హిమాలయాల మీదుగా ఎగరాలి, అమెరికా పైలట్లు ఆ దారిని "హంప్" అనేవాళ్ళు, అంటే మూపురం. ఒంగోలు గిత్తని చూసిన మనకి మూపురం అంటే చెప్పక్కర్లేదు. ఆ దారిలో కూలిన విమానాలు వందల్లో.

మేనన్ విమానం మానుకుని పాత దారి పట్టారు. కాశ్మీర్ నుంచి గిల్గిత్, అక్కడి నుంచి హుంజా, మింటాకా కనుమ దాటి చైనాలోని సింకియాంగ్‌లో దిగి, కాష్గర్, ఆపైన ఉరుంచి, చివరికి చుంగ్‌కింగ్. మింటాకా కనుమ ఎత్తు దాదాపు 4,700 మీటర్లు. మన తిరుమల కొండలు ఐదింటిని ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు. ప్రయాణం మొత్తం 125 రోజులు. కాలినడక, గుర్రాలు, ఆ తర్వాత ఎక్కడ ఏ బండి దొరికితే అది. రోజూ డైరీ. 1947లో అది "ఢిల్లీ–చుంగ్‌కింగ్" అనే పుస్తకంగా వచ్చింది, ముందుమాట నెహ్రూ గారిది.

మీరు అడిగిన "అదేం పని" దగ్గరికొస్తే, చూడాలన్న కోరిక ఒక కారణం, నా లెక్కలో అదే పెద్దది. అయితే ఆ దారి ఉత్త కొండదారి కాదు. అటు రష్యా, ఇటు బ్రిటిష్ ఇండియా, మధ్యలో చైనా, మూడు సరిహద్దులు ఒకదాన్నొకటి తాకే చోటు. కాష్గర్‌లో బ్రిటిష్ వాళ్ళ కాన్సులేట్ ఉండేది, మన సింధీ, పంజాబీ వర్తకులు ఉండేవాళ్ళు. ఆ ఊళ్ళలో ఎవరి మాట చెల్లుతోందో విమానం కిటికీలోంచి కనపడదు కదా. మీరు కూడా ఏ ఊరి పోలీసు ఎలాంటివాడో, ఏ దాబాలో పప్పు బాగుంటుందో రోడ్డు మీద పోయే తెలుసుకుని ఉంటారు. ఇప్పుడు దాదాపు అదే దిక్కుగా పాకిస్తాన్, చైనా కలిసి వేసిన కారకోరం హైవే ఉంది, అది ఖుంజరాబ్ కనుమ మీదుగా పోతుంది. మింటాకాకి దగ్గర్లోనే. మీలాంటివాళ్ళు లారీలు తోలుతున్నారు, కాకపోతే మనవాళ్ళు కారు.

ప్రశ్న: రాయబారి అంటేనే ప్రభుత్వం చెప్పమన్నది చెప్పేవాడు. అలాంటివాడు రాసిన పుస్తకంలో నిజం ఎంత ఉంటుంది? పరదేశం గురించి తెలుసుకోవాలంటే వీళ్ళని చదవడం దండగ అని నా అభిప్రాయం. — కాలేజీ లెక్చరర్, నెల్లూరు

కోపంగా రాశారు గానీ మంచి ప్రశ్న. సగం ఒప్పుకుంటాను.

ఒప్పుకునే సగం ముందు. మేనన్ మాస్కోలో ఉంటూనే హంగరీకి కూడా మన రాయబారి, అప్పట్లో ఒకే మనిషికి రెండు మూడు దేశాలు అప్పజెప్పేవాళ్ళు. 1956 నవంబర్‌లో రష్యా ట్యాంకులు బుడాపెస్ట్‌లోకి వచ్చి తిరుగుబాటును అణిచేశాయి. మనవాళ్ళు ఖండించడానికి నీళ్ళు నమిలారు, ఐక్యరాజ్యసమితిలో ఒక తీర్మానానికి వ్యతిరేకంగా ఓటు కూడా వేశారు. మేనన్ ఆ డిసెంబర్‌లో వెళ్ళి చూసొచ్చారు. రష్యా మీద ఆయనకి ఉన్న ఇష్టం ఇలాంటి చోట అడ్డం పడుతుంది. రిటైరయ్యాక ఇండో సోవియట్ సాంస్కృతిక సంఘానికి అధ్యక్షుడయ్యారు, 1979లో లెనిన్ శాంతి బహుమతి తీసుకున్నారు. ఇంత ప్రేమ ఉన్న మనిషి రాసింది చదివేటప్పుడు మనం కొంచెం ఎడంగా కూర్చుని చదవాలి, తప్పదు. పాలసీని సమర్థించే పేజీలు నాకు ఎప్పుడూ నీరసంగానే అనిపించాయి, ఎవరో డిక్టేట్ చేసినట్టు ఉంటాయి.

ఇక ఒప్పుకోని సగం. కొరియా సంగతి తీసుకోండి. 1948లో ఐక్యరాజ్యసమితి కొరియాకి ఒక కమిషన్ పంపింది, దానికి అధ్యక్షుడు మేనన్. దేశమంతటా ఎన్నికలు పెట్టించడం వాళ్ళ పని. ఉత్తరాన ఉన్న సోవియట్ వాళ్ళు కాలు పెట్టనివ్వలేదు. మరి దక్షిణంలో మాత్రమే పెట్టాలా? పెడితే దేశం రెండుగా చీలిపోతుందని అందరికీ తెలుసు. కెనడా, ఆస్ట్రేలియా వద్దన్నాయి. మేనన్‌కి కూడా మొదట్లో ఇష్టం లేదు. చివరికి ఐక్యరాజ్యసమితి అవుననే వైపే మొగ్గింది, మే 10న దక్షిణంలో ఎన్నికలు జరిగాయి, సింగ్మన్ రీ అధ్యక్షుడయ్యాడు. అక్కడ మేనన్‌కి మో యున్‌సుక్ అనే కవయిత్రితో స్నేహం కుదిరింది, ఆమె రీ పక్షం మనిషి. తన జీవితంలో మనసు బుద్ధిని వంచేసింది ఆ ఒక్కసారేనని 1965లో వచ్చిన ఆత్మకథ "మెనీ వరల్డ్స్"లో ఆయనే ఒప్పుకున్నారు.

ఏ ప్రభుత్వం చెప్పమంది ఆ మాట? ఏ ఫైల్లో దొరుకుతుంది? దాచుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఒక దేశం రెండు ముక్కలు కావడంలో తన మనసు బలహీనత కూడా ఉందని ఒక పెద్ద ఆఫీసరు సొంత చేత్తో రాయడం నేను ఇంకెక్కడా చదవలేదు. అది తప్పని మీరు తిట్టండి, నేనూ కొంత తిడతాను. అంత పెద్ద పని మీద ఉన్నప్పుడు అలా మెత్తబడకూడదు. కానీ తిట్టడానికి మనకి సాక్ష్యం ఇచ్చింది ఆయనే కదండీ.

ఆయన స్నేహితుడు, మరో మలయాళీ, కె.ఎం. పణిక్కర్‌ని కూడా చూడండి. చైనాలో చాంగ్ కై షేక్ పోవడం, మావో రావడం రెండూ దగ్గరుండి చూసి 1955లో "ఇన్ టూ చైనాస్" రాశారు. 1950 అక్టోబర్‌లో ఒక అర్ధరాత్రి చౌ ఎన్‌లై ఆయన్ని నిద్రలేపి పిలిపించి, అమెరికా సైన్యం కొరియా యుద్ధంలో ఉత్తర, దక్షిణాలను విడదీసే 38వ అక్షాంశం దాటితే మేం దిగుతాం అని చెప్పాడు. ఈయన ఢిల్లీకి చెప్పారు, ఢిల్లీ వాషింగ్టన్‌కి చెప్పింది. పణిక్కర్ చైనా మనిషిలెమ్మని అమెరికా వాళ్ళు కొట్టిపారేశారు. చైనా దిగింది. మీరు అన్న అనుమానమే వాళ్ళకీ ఉంది, చూశారా.

ప్రశ్న: నాకు కూడా ఫారిన్ సర్వీస్‌లో చేరాలని ఉంది సార్. ఏం చదవాలి? చేరాక పుస్తకాలు రాసుకోనిస్తారా? ఇంట్లో బ్యాంకు ఉద్యోగం చూసుకోమని ఒకటే టెన్షన్ పెడుతున్నారు. — మళ్ళీ ఆ ఒంగోలు విద్యార్థే

నువ్వే రెండు ప్రశ్నలు అడిగితే మిగతావాళ్ళు ఊరుకోరు. అయినా చెప్తాను. యూపీఎస్సీ సివిల్స్ పరీక్షే, విడిగా ఏమీ లేదు. ఏ డిగ్రీ అయినా పర్లేదు. ఐఎఫ్ఎస్ 1946లో మొదలైంది. చేరాక ఢిల్లీలో శిక్షణ, తర్వాత ఒక విదేశీ భాష నేర్చుకోవాలి, అది చైనీసో అరబిక్కో రష్యనో కావచ్చు. ఉద్యోగంలో ఉండగా ఆఫీసు సంగతులు బయటపెట్టకూడదు, రూల్స్ గట్టిగా ఉంటాయి. అందుకే చాలామంది పుస్తకాలు రిటైరయ్యాకే వస్తాయి. డైరీకి మాత్రం ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, ఈ రాత్రి నుంచే రాయొచ్చు. ఒంగోలు బస్టాండు గురించి అయినా సరే. బ్యాంకు పరీక్ష కూడా రాసిపెట్టు, అమ్మానాన్నలు కాస్త నిమ్మళంగా ఉంటారు.

ప్రశ్న: మన వాళ్ళు బయటికెళ్ళి రాశారు సరే, బయటి రాయబారి ఎవరైనా మన గురించి రాశాడా అండీ? రాజకీయాలు కాదు, మన తిండి, మన ఇళ్ళు. — గృహిణి, కోవూరు

రాశాడమ్మా, అదీ మీకు పనికొచ్చే సంగతే రాశాడు.

ఆక్టావియో పాజ్. మెక్సికో కవి, 1914లో పుట్టాడు. 1962 నుంచి 1968 వరకు ఢిల్లీలో మెక్సికో రాయబారి. 1968 అక్టోబర్ 2న వాళ్ళ రాజధానిలో ప్రభుత్వం విద్యార్థుల మీద కాల్పులు జరిపిస్తే, ఆ ప్రభుత్వానికి నేను రాయబారిగా ఉండనని ఢిల్లీ నుంచే తప్పుకున్నాడు. 1990లో నోబెల్ వచ్చింది. 1995లో ఇండియా గురించి ఒక పుస్తకం రాశాడు, అందులో వంట గురించి భలే సరదా ముక్క ఒకటుంది. వాళ్ళ దేశంలో "మోలే" అని ఒక చిక్కటి పులుసు, ఎండుమిర్చి, రకరకాల మసాలా దినుసులు నూరి చేస్తారు. ఇది మీ కూరని చూసి మేం చేసుకున్నదా, మా దాన్ని చూసి మీరు చేసుకున్నదా అని అడుగుతాడు. ఎందుకంటే మిరపకాయ వాళ్ళ వైపుది. పోర్చుగీసు వాళ్ళు ఓడల్లో తెచ్చేదాకా మనకి మిరియాలే గతి. ప్రకాశం జిల్లా మిరప కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య నిలబడి ఈ మాట చెబితే ఏ రైతూ నమ్మడు.

లవంగం గురించి కూడా ఒక ముక్క, ఇందాకటి మేనన్ గారితో సంబంధం ఉంది కాబట్టి. 1934లో ఆయన్ని జాంజిబార్ పంపారు. అక్కడ లవంగాల వ్యాపారం మన గుజరాతీల చేతుల్లో ఉంటే దాన్ని కట్టడి చేస్తూ కొత్త చట్టాలు తెచ్చారు, వాటివల్ల మనవాళ్ళకి ఎంత దెబ్బో చూసి రిపోర్టు రాయడం ఆయన పని. ఆ గొడవ ముదిరి చివరికి ఇండియాలో జాంజిబార్ లవంగాలు కొనడం మానేసే దాకా వచ్చింది. మీ పలావు డబ్బాలో లవంగం వెనక కూడా ఒక రాయబారం ఉంది మరి.

ఇంతకీ పాజ్ గారికి మన నెల్లూరు చేపల పులుసు ఎవరూ పెట్టినట్టు లేరు, పెట్టి ఉంటే ఇంకో అధ్యాయం రాసేవాడు. ఆయన లెక్క ప్రకారం చూస్తే అందులోంచి మిరపకాయ తీసెయ్యాలి, అది మెక్సికోది. టమాటా కూడా అటుదే. చింతపండు ఆఫ్రికా నుంచి ఎప్పుడో వేల ఏళ్ళ కిందట వచ్చిందంటారు. మిగిలేది చేప, మామిడికాయ ముక్క. ఆ రెండూ మాత్రం మనవేనమ్మా, ఎవరికీ ఇచ్చేది లేదు.